74 రోజులైనా లైసెన్స్ రాలేదు, శనివారం తమ్ముడితో రేంజ్‌కి వెళ్తున్నాను

అక్కా, నమస్తే. మాది ఖమ్మం దగ్గర పల్లె. చదువుకోవడానికి 2013లో టెక్సాస్ వచ్చాను. నా భార్య సిటిజన్ అయ్యాక నాకు గ్రీన్ కార్డు వచ్చింది, రెండేళ్లవుతోంది. ఫోర్ట్ వర్త్ అవతల చిన్న గ్యాస్ స్టేషన్ నడుపుకుంటున్నాం. జనవరిలో మా రోడ్డు మీదే ఇంకో స్టోర్‌లో దొంగలు పడ్డారు. అప్పటి నుంచి రాత్రి పదకొండింటికి షట్టర్ వేసేటప్పుడు టెన్షన్ ఆగడం లేదు. మార్చి 3న గన్ లైసెన్స్‌కి ఆన్‌లైన్‌లో అప్లై చేశాను. మార్చి 24న వేలిముద్రలు ఇచ్చాను, ఏప్రిల్ 9న ట్రైనింగ్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేశాను. ఈరోజు మే 16. అంటే 74 రోజులు. స్టేటస్ కదలడం లేదు. నాతో క్లాసులో కూర్చున్న ఆయనకి కార్డు ఎప్పుడో వచ్చేసింది. 60 రోజుల్లో ఇవ్వాలని చట్టంలో ఉందట కదా, గ్రీన్ కార్డువాణ్ణని ఆపారా?

ఇంకో మాట. 2014లో స్టూడెంట్‌గా ఉన్నప్పుడు బుద్ధి గడ్డి తిని ఒక పెద్ద స్టోర్‌లో 70 డాలర్ల హెడ్‌ఫోన్లు బ్యాగులో వేసుకుని దొరికిపోయాను. ఒక రాత్రి లోపల ఉంచారు. తర్వాత కేసు డిస్మిస్ అయింది. డిస్మిస్ అయినవి రాయక్కర్లేదని ఫ్రెండ్ చెబితే అప్లికేషన్‌లో రాయలేదు. నా భార్యకి ఈ గన్ సంగతే ఇష్టం లేదు. ఆరేళ్ల పాప ఉంది, స్కూలయ్యాక స్టోర్‌కే వస్తుంది. ప్లేనోలో ఉండే మా తమ్ముడు హెచ్ వన్ బీ మీద ఉన్నాడు, శని ఆదివారాలు మా ఇంట్లోనే ఉంటాడు. వాడూ నేర్చుకుంటానంటే వచ్చే శనివారం ఇద్దరికీ షూటింగ్ రేంజ్ బుక్ చేశాను. గన్ ఇంకా కొనలేదు. లైసెన్స్ వచ్చేదాకా ఏం చేయాలో చెప్పండి.

— ఒక పాఠకుడు

తమ్ముడూ, లైసెన్స్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు ఆ శనివారం బుకింగ్‌లోంచి మీ తమ్ముడి పేరు తీయించండి. చదవడం ఇక్కడే ఆపి, ఆ ఫోన్ చేసి వచ్చి మిగతాది చదవండి.

ఎందుకంటే హెచ్ వన్ బీ, ఎఫ్ వన్, హెచ్ ఫోర్, ఎల్ వన్ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం చెబుతుంది. మనవాళ్లు చాలామంది దీన్ని 'కొనకూడదు' అని మాత్రమే అర్థం చేసుకుంటున్నారు. కొనడం ఒక్కటే కాదు. రేంజ్‌లో గంటకి అద్దెకిచ్చే గన్నయినా చేతిలోకి తీసుకుంటే అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. టెక్సాస్‌లో అందరి దగ్గరా గన్లుంటాయి కదా అనుకుంటే కుదరదు, ఇది రాష్ట్రం పెట్టిన రూలు కాదు. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయిందనో, గ్రీన్ కార్డు క్యూలో వంతు చూపే ప్రయారిటీ డేట్ దగ్గరపడిందనో ఈ రూలు సడలదు. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్స్ చేతిలో ఉన్నవాళ్లకి ఒక మినహాయింపు ఉంది. ఇమ్మిగ్రేషన్ లాయర్ 'సరే' అని రాసి ఇవ్వకుండా మీ తమ్ముడు దాన్ని నమ్ముకుని అడుగు వేయకూడదని నా మాట.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. ఫ్లోరిడాలో చదువుకుంటున్న ఒక విదేశీ కుర్రాణ్ణి యూనివర్సిటీ తీసేసింది, దాంతో అతని స్టూడెంట్ స్టేటస్ పోయింది. ఆ తర్వాత షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చి వచ్చాడు. కేసు పెట్టారు, పద్దెనిమిది నెలల శిక్ష వేశారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అతని స్టేటస్ ఏమిటో అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలి అని 2019లో కోర్టు చెప్పింది. ఆ తీర్పు మీ తమ్ముడికి ఏమీ ఉపయోగపడదు, తను హెచ్ వన్ మీద ఉన్నానని అతనికి తెలుసు కదా. 2022లో చట్టం మార్చాక ఈ నేరానికి శిక్ష పదిహేనేళ్ల దాకా ఉంది. ఫలానావాడు పట్టుకోకూడదని తెలిసీ గన్ చేతికిచ్చినవాళ్లకీ అంతే శిక్ష. రేంజ్‌లో గన్ లోడ్ చేసి 'ఇదిగో, ఇలా పట్టుకో' అని అందించేది మీరే కదా. గన్ కేసులో దోషి అని తేలితే గ్రీన్ కార్డు ఉన్నవాణ్ణి కూడా దేశం నుంచి పంపించేయవచ్చు. ఒక శనివారం గంటసేపు సరదాకి ఇద్దరన్నదమ్ముల బతుకులు పణంగా పెట్టొద్దు.

గన్ కొన్నాక కూడా అంతే. అది ఎక్కడ ఉందో, తాళం చెవి ఎక్కడ ఉందో, సేఫ్ నంబర్ ఏమిటో మీ తమ్ముడికి తెలియకూడదు. తన చేతికందేలా ఉంటే తన దగ్గర ఉన్నట్టేనని వాదించేవాళ్లు ఉంటారు. అతని కోసం మీ పేరు మీద కొనడం మరీ పెద్ద నేరం, దానికి విడిగా చట్టమే ఉంది. మీ తమ్ముడికి ఈ మాటలు కఠినంగా అనిపించవచ్చు. నా పేరు చెప్పండి, నేనే వద్దన్నానని చెప్పండి.

ఇక మీ లైసెన్స్. ముందు రోజులు సరిగ్గా లెక్కపెడదాం.

చట్టంలో 60 రోజులు అన్న మాట నిజమే. కానీ ఆ 60 రోజులు మీరు ఆన్‌లైన్‌లో బటన్ నొక్కిన రోజు నుంచి మొదలు కావు. కావలసిన కాగితాలన్నీ డీపీఎస్‌కి, అంటే ఈ లైసెన్స్ ఇచ్చే టెక్సాస్ ప్రభుత్వ శాఖకి చేరి, అప్లికేషన్ పూర్తయిన రోజు నుంచి మొదలవుతాయి. మీ సర్టిఫికెట్ ఏప్రిల్ 9న వెళ్లింది. మిగతావన్నీ అప్పటికే ఉన్నాయనుకుంటే ఈరోజుకి అయినవి 37 రోజులే. 60 నిండేది జూన్ 8న. మీ మనసు 74 దగ్గర ఉంది గానీ వాళ్ల లెక్క సగం దాటింది, అంతే. మధ్యలో వాళ్లు ఇంకేదైనా కాగితం అడుగుతూ మెయిల్ పెట్టి, అది స్పామ్‌లో పడి ఉంటే మాత్రం లెక్క అక్కడే ఆగి ఉంటుంది. స్పామ్ ఫోల్డర్ ఈరోజే చూడండి. కరెంటు బిల్లూ స్టోర్ బిల్లులూ వచ్చే మెయిల్ వేరు, అప్లికేషన్‌లో ఇచ్చింది వేరు అయితే రెండూ చూడండి.

ఈ రోజుల్లో వాళ్లు చేసే పనేమిటో చెబుతాను, తెలిస్తే కొంత మనసు కుదుటపడుతుంది. ముందు ఆస్టిన్‌లో ఉన్న హెడ్ ఆఫీసులో రాష్ట్రం కంప్యూటర్‌లో మీ పేరు, వేలిముద్రలు వెతుకుతారు. వేలిముద్రలు ఎఫ్‌బీఐకి కూడా వెళ్తాయి. ఆ తర్వాత మీరుండే ప్రాంతంలో ఉన్న డీపీఎస్ మనిషి దగ్గరికి ఫైలు వస్తుంది. ఆ మనిషి స్థానిక రికార్డులు చూసి మీరు రాసినవి నిజమా కాదా అని సరిచూడాలి. గత అయిదేళ్ల ఇంటి అడ్రసులు, పనిచేసిన చోట్లు మీరు రాశారు కదా, అవీ ఇందులోకే వస్తాయి. చైల్డ్ సపోర్ట్ బాకీ, రాష్ట్రానికి కట్టాల్సిన పన్ను బాకీ, ఫలానావాళ్ల జోలికి వెళ్లొద్దని కోర్టు ఇచ్చే ప్రొటెక్టివ్ ఆర్డర్ ఏదైనా మీ మీద ఉందా అన్నవీ చూస్తారు. మీరు స్టోర్ నడుపుతున్నారు కాబట్టి సేల్స్ టాక్స్ బాకీ ఏమీ లేదని ఒకసారి అకౌంటెంట్‌ని అడిగి ఖాయం చేసుకోండి. అమ్మకాల టాక్స్ ఆలస్యమైతే పెనాల్టీతో పోతుందిలే అనుకుంటాం, అది ఇక్కడ అడ్డం తిరుగుతుంది.

మీ క్లాస్‌మేట్ ఇక్కడే పుట్టి పెరిగి, పుట్టినప్పటి నుంచి ఒకే పేరుతో ఉన్నాడనుకోండి, అతని ఫైలు కంప్యూటర్ ఒక్కసారి చూసి వదిలేస్తుంది. మన పేర్లు అలా వదలవు. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఖాళీగా ఉంటే పేరంతా అమెరికా వీసాలో ఇంటిపేరు గడిలోకి వెళ్లిపోయి, పేరు గడిలో 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. పేరు తెలియదు అని దానర్థం. మీది అలాంటి పాస్‌పోర్టేనా అన్నది మీరు రాయలేదు గానీ, మన జిల్లాల నుంచి వచ్చిన పిల్లల్లో ఇది ఎంతమందికి ఉందో నాకు తెలుసు. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు తీసుకున్న ఐడీలో ఎఫ్ఎన్‌యూ, తర్వాత పాస్‌పోర్ట్ మార్చుకుంటే డ్రైవింగ్ లైసెన్స్‌లో ఇంటిపేరు ముందు, గ్రీన్ కార్డులో ఇంటిపేరు వెనక. మీరు ఒక్కరే, కంప్యూటర్‌కి మాత్రం ముగ్గురు. అప్లికేషన్‌లో ఇంతకుముందు వాడిన పేర్ల దగ్గర ఇవన్నీ రాశారో లేదో చూసుకోండి. రాయకపోతే ఇప్పుడు పంపండి.

వేలిముద్రలు కూడా ఒక్కోసారి తిరిగి వస్తాయి. మా ఆయన స్టోర్ నడిపిన రోజుల్లో ఆయన చేతులు నాకు ఇంకా కళ్లముందు ఉన్నాయి. రోజూ బ్లీచ్ నీళ్లతో ఫ్లోర్ తుడవడం, కూలర్‌లో సోడా కేసులు మోయడం, అట్టపెట్టెలు చింపడం. వేళ్ల చివర గీతలే అరిగిపోయాయి. ముద్రలు తీసే అమ్మాయి ఒక్కో వేలూ తడిగుడ్డతో తుడిచి, కొంచెం లోషన్ రాసి, గాజు మీద అదిమి, స్క్రీన్ చూసి తల అడ్డంగా ఊపేది. కుడిచేతి బొటనవేలు అయిదుసార్లు పెట్టించింది. మూడు వారాల తర్వాత ముద్రలు స్పష్టంగా లేవని ఉత్తరం వచ్చింది, మళ్లీ వెళ్లాం, మళ్లీ వచ్చింది. రెండుసార్లూ తిరిగి వస్తే వేలిముద్రలు లేకుండా పేరుతో వెతికించే పద్ధతి ఎఫ్‌బీఐకి ఉంది. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మీకు అలాంటి ఉత్తరం వస్తే వెంటనే అది అడగండి. మళ్లీ ముద్రలకు వెళ్లాల్సి వస్తే వారం ముందు నుంచి గ్లౌజులు లేకుండా క్లీనింగ్ చేయొద్దు, రాత్రిళ్లు చేతులకి కొబ్బరినూనె రాసుకోండి.

ఇప్పుడు మీరు చిన్నగా రాసి దాటేసిన విషయానికి వద్దాం. నా అంచనా ప్రకారం మీ ఫైలు ఆగితే ఆగేది 2014 దగ్గరే.

ఒక రాత్రి లోపల ఉన్నారంటే మీ వేలిముద్రలు అప్పుడే తీశారు. అవి పోవు. 70 డాలర్ల వస్తువు అప్పటి లెక్కలో క్లాస్ బీ మిస్‌డిమీనర్, అంటే జైలు కూడా పడగల చిన్న నేరం, ఎందుకంటే గీత 50 డాలర్ల దగ్గర ఉండేది. 2015 సెప్టెంబర్ నుంచి ఆ గీతని 100 డాలర్లకి పెంచారు. ఆ ఏడాది తేడాతో మీది పెద్ద కేసయింది. ఇప్పుడు మీ ముద్రలు కంప్యూటర్‌లో పెట్టగానే 'ఫలానా రోజు అరెస్ట్' అని వస్తుంది. కానీ ఆ తర్వాత కేసు ఏమైందో చాలా రికార్డుల్లో ఉండదు. అరెస్ట్ చేసినవాళ్లు తమ వంతు పంపుతారు, చివర్లో కేసు కొట్టేశారన్న ముక్క కోర్టు నుంచి అదే ఫైల్లోకి చేరదు. అలాంటప్పుడు ఫైలు చూస్తున్న మనిషి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ ముక్క కోసం వెతుకుతూ కూర్చుంటుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఆలస్యమంటే చాలాసార్లు ఇదే.

రికార్డుల్లో ఒక్క ముక్క లేకపోతే ఏమవుతుందో ఈ రాష్ట్రానికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. 2017 నవంబర్‌లో సదర్లాండ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో ప్రార్థన జరుగుతున్న చర్చిలో 26 మంది ప్రాణాలు పోయాయి, కడుపులో ఉన్న బిడ్డతో కలిపి. చంపినవాడికి ఎయిర్ ఫోర్స్‌లో ఉన్నప్పుడే భార్యని, పసివాణ్ణి కొట్టిన కేసులో శిక్ష పడింది. వాడు గన్ కొనకూడదు. కానీ ఆ శిక్ష సంగతి ఎఫ్‌బీఐకి పంపాల్సినవాళ్లు పంపలేదు, కొట్లో చెక్ చేస్తే ఏమీ కనబడలేదు. మీ ఫైల్లో కోర్టు ముక్క లేకపోతే మీకు కొన్ని వారాలు టెన్షన్. అక్కడ ముక్క లేకపోవడం వల్ల జరిగింది అది. అందుకే వాళ్లు మీ ఫైలు పట్టుకుని నిదానంగా వెతుకుతుంటే నాకు కోపం రాదు. మీకూ రాకూడదనే నా కోరిక.

ఆ ముక్క మీరే తెచ్చి ఇవ్వండి. కేసు నడిచిన కౌంటీలో కోర్టు క్లర్క్ ఆఫీసుకి వెళ్లి, ముద్ర వేసిన 'డిస్పొజిషన్' కాపీ, అంటే కేసు చివరికి ఏమైందో చెప్పే కాగితం కావాలని అడగండి. నిజానికి మీ ఇంట్లోనే ఉండాలి. గ్రీన్ కార్డు అప్పుడు ఈ కేసు గురించి మీ లాయర్ అడిగే ఉంటారు, ఆ కాగితం ఆ ఫైల్లో పెట్టే ఉంటారు. బీరువాలో పాస్‌పోర్ట్ ఫొటోలూ ట్యాక్స్ రిటర్నులూ పెట్టిన ఆ పెద్ద కవరు తీయండి.

దొరికాక దాని మీద ఏ మాట ఉందో జాగ్రత్తగా చదవండి. డిస్మిస్ అని మనం అనేవి రెండు రకాలు. ఒకటి ప్రీట్రయల్ డైవర్షన్, అంటే నేరం ఒప్పుకోకుండానే క్లాసులూ కమ్యూనిటీ సర్వీసూ చేస్తే కేసు ఎత్తేయడం. ఇంకోటి డిఫర్డ్ అడ్జుడికేషన్, అంటే నేరం ఒప్పుకున్నాక జడ్జి తీర్పు ఆపి ఉంచి, గడువు సరిగ్గా గడిపితే కొట్టేయడం. ఈ రెండోదాన్ని టెక్సాస్ లైసెన్స్ చట్టం శిక్ష పడినట్టే చూస్తుంది, ఇమ్మిగ్రేషన్‌వాళ్లు కూడా అలాగే చూస్తారు. అయినా కంగారు వద్దు. లైసెన్స్ విషయంలో క్లాస్ బీ మిస్‌డిమీనర్‌కి చూసేది అప్లై చేసే ముందు అయిదేళ్లే. మీది 2014. ఏ రకమైనా ఆ కేసు వల్ల మీకు లైసెన్స్ పోదు.

పోగొట్టేది ఆ కేసు కాదు, దాన్ని దాచడం. అప్లికేషన్‌లో తెలిసీ తప్పు రాస్తే అదే విడిగా నేరమవుతుంది. మీ ఫ్రెండ్ మంచికే చెప్పాడు గానీ తప్పు చెప్పాడు. 'శిక్ష పడిందా' అని అడిగితే ఒక జవాబు, 'అరెస్ట్ అయ్యారా' అని అడిగితే ఇంకో జవాబు. ప్రశ్న అక్షరం అక్షరం మళ్లీ చదవండి. అరెస్ట్ గురించి అడిగిన చోట మీరు లేదని రాసి ఉంటే వాళ్లు అడిగేదాకా ఆగకండి. ఒక లాయర్‌తో గంట కూర్చోండి, క్రిమినల్ కేసులూ ఇమ్మిగ్రేషనూ రెండూ తెలిసినవారైతే మంచిది. ఆయన చూసిన ఉత్తరంతో, కోర్టు కాగితం జతచేసి, పొరపాటు దిద్దుతున్నానని మీరే పంపండి. రేపు సిటిజన్‌షిప్‌కి అప్లై చేసేటప్పుడు ఇవే ప్రశ్నలు మళ్లీ వస్తాయి. అక్కడ ఒకటి ఇక్కడ ఒకటి రాసి ఉండకూడదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకండి.

గ్రీన్ కార్డువాణ్ణని ఆపారా అని అడిగారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు లైసెన్స్‌కి అర్హులే, గన్ కొనడానికీ అర్హులే. కాకపోతే సిటిజన్ కానివాళ్లకి ఇమ్మిగ్రేషన్ రికార్డులు కూడా చూస్తారు, ఆ ఒక్క మెట్టు ఎక్కువ. గ్రీన్ కార్డు రెండువైపులా స్పష్టంగా స్కాన్ చేసి పెట్టుకోండి, అడిగిన రోజే పంపేలా.

జూన్ 8 దాటినా ఏమీ రాకపోతే? ఆ లోపు వాళ్లు లైసెన్స్ ఇవ్వాలి, లేదా ఇవ్వడం లేదని చెప్పాలి, లేదా ఇంకా తేల్చలేకపోతున్నాం, ఫలానా కారణం, ఇంత సమయం పడుతుంది అని రాయాలి. మూడూ లేకుండా ఇంకో 30 రోజులు గడిచిపోతే, అంటే మీ లెక్కలో జూలై 8 దాటితే, ఆ మౌనాన్నే తిరస్కారంగా చట్టం లెక్కేస్తుంది. వినడానికి అన్యాయంగా ఉంటుంది గానీ అది మీకు మేలే, ఎందుకంటే అప్పుడు మీరు హియరింగ్ కోరవచ్చు. తిరస్కారం నోటీసు వస్తే 30 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. విచారణ మీ కౌంటీలోనే, జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే చిన్న స్థానిక కోర్టులో జరుగుతుంది. సుప్రీంకోర్టు కూడా ఈ ఆలస్యాల మాట ఎత్తింది. 2022 జూన్‌లో న్యూయార్క్ గన్ లైసెన్స్ చట్టం మీద వచ్చిన కేసు తీర్పులో ఒక ఫుట్‌నోట్‌లో, లైసెన్స్ అప్లికేషన్లు మరీ ఎక్కువ కాలం పట్టినా, ఫీజులు మితిమీరినా వాటిని కోర్టులో ప్రశ్నించవచ్చని రాశారు. మీ 37 రోజులకి ఆ అస్త్రం అక్కర్లేదు. అది ఉందని తెలిస్తే చాలు.

ఈలోగా ఏం చేయాలన్నారు. 'టెక్సాస్‌లో లైసెన్సే అక్కర్లేదు, రేపే కొనుక్కో' అని మీకు స్టోర్‌కి వచ్చే ప్రతి కస్టమరూ చెబుతాడు. అది నిజమే. 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డు లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. మీ సొంత స్టోర్‌లో పెట్టుకోవడానికి అంతకుముందు కూడా లైసెన్స్ అక్కర్లేదు. అయినా నేను ఆగమనే అంటాను. ఒక కారణం స్కూలు. స్కూలు చుట్టూ వెయ్యి అడుగుల లోపల గన్ ఉండకూడదన్న ఫెడరల్ చట్టం వేరే ఉంది. సొంత స్థలంలో పర్వాలేదు, రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్లకీ మినహాయింపు ఉంది. లైసెన్స్ లేకుండా లోడ్ చేసిన గన్ కారులో పెట్టుకుని పాపని స్కూల్ దగ్గర దింపితే మాత్రం మీరు తప్పు చేసినట్టే, టెక్సాస్ ఏమన్నా సరే. మీరు రోజూ వెళ్లే దారి కదా అది.

ఇంకో కారణం ఇది. కొట్లో కొనేటప్పుడు ఎఫ్‌బీఐ చెక్ విడిగా జరుగుతుంది. అక్కడ కూడా మీ 2014 అరెస్టే పైకి వస్తుంది. 'డిలే' అని వస్తే మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే ఇవ్వాలా వద్దా అన్నది కొట్టువాడి ఇష్టం. చాలామంది ఇవ్వరు. కొనేటప్పుడు నింపే ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇష్టమైతేనే రాయమంటారు, మీరు మాత్రం రాయండి, మీలాంటి పేరే ఉన్న ఇంకొకడి కేసు మీ నెత్తికి రాకుండా ఉంటుంది. ప్రతిసారీ ఇలాగే ఆగుతుంటే ఎఫ్‌బీఐ దగ్గర మీ కాగితాలన్నీ ఒకసారి ఇచ్చి ఒక గుర్తింపు నంబర్ తీసుకునే వీలుంది. ముందు లైసెన్స్ చేతికొస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది, టెక్సాస్ లైసెన్స్ చూపించినవాళ్లకి కొనే రోజు ఆ చెక్ మళ్లీ చేయించనక్కర్లేదు.

మీ భార్య మాట. ఆమెకి ఇష్టం లేదని ఒక్క ముక్క రాశారు, ఎందుకు ఇష్టం లేదో రాయలేదు. అడిగారా? 2011లో మా స్టోర్‌లోకి ఇద్దరు కుర్రాళ్లు గన్ పట్టుకుని వచ్చారు. మా ఆయన గన్ కౌంటర్ కింద, లాటరీ టికెట్ల డబ్బా వెనక ఉంది. చేయి అటు పోలేదు, పోనిచ్చే సమయమూ లేదు. రిజిస్టర్‌లో ఉన్న 180 డాలర్లూ ఇచ్చేశారు. ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయి మంచినీళ్లు అడిగారు. గ్లాసు పట్టుకున్న చేయి వణుకుతుంటే నీళ్లు చొక్కా మీద ఒలికాయి. మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు, నాకు అది చాలనిపించింది. ఆ మర్నాడు ఆయన చేసిన మొదటి పని కిటికీల మీద అంటించిన బీరు పోస్టర్లన్నీ పీకేయడం, రోడ్డు మీద పోయేవాళ్లకి కౌంటర్ కనబడేలా. తర్వాత డ్రాప్ సేఫ్, అంటే డబ్బు లోపలికి వేయడమే తప్ప అప్పటికప్పుడు తీయలేని పెట్టె పెట్టించి, రిజిస్టర్‌లో వంద డాలర్లు మించి ఉంచకుండా చేశారు, ఆ మాట తలుపు మీద రాసి అతికించారు. షట్టర్ వేసేటప్పుడు ఇద్దరు మనుషులుండాలన్న రూలు పెట్టుకున్నారు. ఇవి చేయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈ వారమే చేసుకోవచ్చు.

పాప స్టోర్‌లో ఉన్నంతసేపూ కౌంటర్ కింద తాళం లేని గన్ ఉండకూడదు. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో అది నేరం. ఆరేళ్ల పిల్ల ఎత్తు ఎంతో మీకు తెలుసు. కౌంటర్ కింది అరలు సరిగ్గా ఆ పిల్ల కళ్ల ముందు ఉంటాయి. కొనాలనే అనుకుంటే వేలు పెడితే తెరుచుకునే చిన్న సేఫ్ ముందు కొని, కౌంటర్‌కి బోల్టు బిగించి, ఆ తర్వాతే గన్ సంగతి. ఆ సేఫ్ ఎక్కడ బిగించాలో మీ భార్యని చూపించమనండి.

ఈ రాత్రికి స్పామ్ ఫోల్డర్, రేపు బీరువాలో కవరు, సోమవారం లాయర్‌కి ఫోన్. కోర్టు కాగితం దొరికితే దాని మీద డైవర్షన్ అని ఉందో డిఫర్డ్ అని ఉందో నాకు ఒక్క ముక్క రాయండి. శనివారం మీ తమ్ముడు ఇంటికి వచ్చే మాట నిజమైతే ఆ రోజు ఆయన్ని స్టోర్‌కి తీసుకెళ్లండి, కిటికీల మీద పోస్టర్లు పీకడానికి ఇద్దరు కావాలి.